కెనడాలో కో-ఆప్ వర్క్ టర్మ్ ఎలా నడుస్తుంది: అడ్మిషన్ నుంచి చివరి పనిరోజు దాకా

మా ఊళ్లో కోపరేటివ్ అంటే ఎరువుల సొసైటీ. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో కో-ఆప్ సీటు, అంటే చదువు మధ్యమధ్యలో కంపెనీల్లో పనిచేసే కోర్సులో సీటు, వచ్చిందని చెబితే బాబాయి, "అక్కడ కూడా యూరియా బస్తాలకు లైనా?" అని నవ్వాడు. నాన్న నవ్వలేదు. "ఉద్యోగం వాళ్లే ఇస్తారంట గదా, మరి అప్పు ఎప్పటికి తీరుద్ది?" అని అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. వర్క్ టర్మ్‌లన్నీ (పనికి వెళ్లే విడతలు) పూర్తిచేశాక ఉంది: వాళ్లు ఉద్యోగం ఇవ్వరు. ఉద్యోగం ఇచ్చేవాళ్లందరినీ ఒకచోటికి చేరుస్తారు, అంతే. అప్లై చేయడం, ఒప్పించడం, తెచ్చుకోవడం మన పని. అదీ మిడ్‌టర్మ్ పరీక్షలు నెత్తిమీద ఉన్న వారాల్లోనే.

ఇక్కడ నేను ఎక్కువగా వాటర్లూ పద్ధతి చెబుతాను, నాకు తెలిసింది అదే కాబట్టి. కెనడాలో మిగతా చోట్ల పేర్లు, తేదీలు మారతాయి గానీ నడక దాదాపు ఇంతే.

ముందుగా, కో-ఆప్, ఇంటర్న్‌షిప్ ఒకటి కావు

చదువు కొన్నాళ్లు, పని కొన్నాళ్లు, మళ్లీ చదువు. ఈ పద్ధతి అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీలో 1906లో మొదలైంది. హెర్మన్ ష్నైడర్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ 27 మంది విద్యార్థులతో మొదలుపెట్టాడు. వాళ్లు ఒక వారం క్లాసులో ఉంటే మరుసటి వారం ఫ్యాక్టరీలో ఉండేవాళ్లు. వాటర్లూ 1957లో పుట్టిందే ఈ పద్ధతి మీద. ఇక్కడ వారాలు కాదు, 4 నెలలు చదువు, 4 నెలలు పని.

వేసవి సెలవుల్లో చేసే ఇంటర్న్‌షిప్‌కీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ పని కూడా డిగ్రీలో లెక్కే. కెనడాలో కో-ఆప్ ప్రోగ్రాములకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ లెక్క ప్రకారం పని ఫుల్ టైమ్‌గా, జీతంతో ఉండాలి. ఒక్కో టర్మ్ కనీసం 12 వారాలు, లేదా 420 గంటలు. రెండేళ్లు దాటిన ప్రోగ్రాముల్లో పనికాలం చదువుకాలంలో 30 శాతమైనా ఉండాలి. వాటర్లూ ఇంజినీరింగ్‌లో మామూలుగా 6 వర్క్ టర్మ్‌లు ఉంటాయి. వాటిలో 5 పాసైతేనే డిగ్రీ. అందుకే అక్కడ ఇంజినీరింగ్ నాలుగేళ్లలో అవ్వదు, ఐదేళ్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది.

మనవైపు దీనికి దగ్గరగా ఉన్నది బిట్స్ పిలానీ ప్రాక్టీస్ స్కూల్. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో తప్పనిసరి చేసిన 10 నెలల ఇంటర్న్‌షిప్ కూడా ఆ దారిలోదే. కానీ వాటిలో విద్యార్థి ఒకే ఉద్యోగ మార్కెట్లోకి ఐదారు సార్లు దిగడు. ఇక్కడ దిగాలి. ఆ ఒక్క తేడాతో మిగతాదంతా మారిపోతుంది.

ఫీజు కట్టకముందు అడగాల్సినవి

కన్సల్టెన్సీ బోర్డు మీద "కో-ఆప్ ఉంది, జాబ్ గ్యారంటీ" అని రాసి ఉంటే మొదటి సగం నిజం కావచ్చు, రెండో సగం కాదు. ఏ యూనివర్సిటీ, ఏ కాలేజీ ఉద్యోగానికి గ్యారంటీ ఇవ్వదు. సీటు తీసుకునే ముందు సంస్థనే నేరుగా మెయిల్ చేసి ఇవి తెలుసుకోండి.

కో-ఆప్ ఆ ప్రోగ్రాములో తప్పనిసరా, ఐచ్ఛికమా? ఐచ్ఛికమైతే ఎప్పుడు చేరాలి, ఎన్ని మార్కులుండాలి? చాలా మాస్టర్స్, డిప్లొమా కోర్సుల్లో మొదటి సెమిస్టర్ మార్కులు తగ్గితే కో-ఆప్ నుంచి తీసేస్తారు, డిగ్రీ మాత్రం మిగులుతుంది. ఉద్యోగం దొరక్కపోతే ఏమవుతుంది? వర్క్ టర్మ్‌లు ఎన్ని, ఒక్కోటి ఎంతకాలం? టొరంటో యూనివర్సిటీ ఇంజినీరింగ్ వాళ్లు ఒకేసారి 12 నుంచి 16 నెలలు పనికి వెళ్తారు. వాటర్లూ వాళ్లు నాలుగేసి నెలలు. రెండింటినీ కో-ఆప్ అనే అంటారు.

కో-ఆప్ ఫీజు కూడా అడగండి. వాటర్లూలో చదువుకునే టర్మ్‌లలో కొన్ని వందల డాలర్లు కడతాం. ఉద్యోగం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే.

ఇక నాన్న అడిగిన అప్పు సంగతి. వాటర్లూ ఇంజినీరింగ్‌లో విదేశీ విద్యార్థి ట్యూషన్ ఏడాదికి 60 వేల డాలర్లు దాటుతుంది. నాలుగు నెలల కో-ఆప్ జీతంలో అద్దె, తిండి, టికెట్లు పోగా మిగిలేది వచ్చే టర్మ్ ఖర్చులకు తోడు మాత్రమే. "పనిచేస్తూ ఫీజు కట్టేస్తాడు" అనే లెక్కతో ఎవరినీ పంపకండి.

అనుమతులు

భారతదేశం నుంచి వెళ్లినవాళ్లకు స్టడీ పర్మిట్‌తో పాటు కో-ఆప్ కోసం విడిగా వర్క్ పర్మిట్ తీసుకునే పద్ధతి ఏళ్లుగా నడిచింది. దానికి ఫీజు ఉండేది కాదు, కానీ కోర్సులో పని తప్పనిసరి అని యూనివర్సిటీ లెటర్ ఇవ్వాల్సి వచ్చేది, పనికాలం మొత్తం కోర్సులో సగానికి మించకూడదనే నియమం ఉండేది. కెనడా ఇమిగ్రేషన్ నియమాలు ఈమధ్య చాలా తరచుగా మారుతున్నాయి. కాబట్టి మీరు వెళ్లే ఏడాది ఏం కావాలో ఇమిగ్రేషన్ శాఖ సైటులో, యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో చూసుకోండి. సీనియర్ చెప్పింది రెండేళ్ల కిందటి మాట అయి ఉండొచ్చు. ఇందులో నేనూ ఒక సీనియర్నే.

క్లాసులు నడిచేటప్పుడు బయట వారానికి 24 గంటలే పనిచేయాలనే పరిమితి 2024 నవంబరు నుంచి ఉంది. కో-ఆప్ గంటలు అందులోకి రావు, అవి వేరే లెక్క.

దిగిన మొదటి వారాల్లోనే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు (జీతానికి, పన్నుకు కావాల్సింది) తీసుకోండి. ఉచితం. తాత్కాలికంగా ఉండేవాళ్లకు అది 9తో మొదలవుతుంది, పర్మిట్‌తో పాటే గడువు తీరుతుంది. పర్మిట్ పొడిగించుకున్నప్పుడు దీన్నీ పొడిగించుకోవాలి. మనవాళ్లకు ఇంకో తంటా ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఒకలా, బ్యాంకులో ఒకలా, జీతం కాగితాల్లో ఇంకోలా పడితే నెలాఖరున తిరగాల్సింది మీరే. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. రెజ్యూమేలో మాత్రం పిలిచే పేరు పెట్టుకోవచ్చు.

క్యాలెండర్: అసలు కష్టం ఇక్కడే

సంవత్సరం మూడు టర్మ్‌లు. జనవరి నుంచి ఏప్రిల్, మే నుంచి ఆగస్టు, సెప్టెంబరు నుంచి డిసెంబరు. వాటర్లూ ఇంజినీరింగ్‌లో కొందరు మొదటి 4 నెలల చదువు కాగానే జనవరిలో పనికి వెళ్తారు, ఇంకొందరు 8 నెలలు చదివి మేలో వెళ్తారు. వీటిని స్ట్రీమ్ 4, స్ట్రీమ్ 8 అంటారు.

స్ట్రీమ్ 4 అంటే ఏమిటో ఆలోచించండి. సెప్టెంబరులో విమానం దిగారు. చలికోటు ఇంకా కొనలేదు. క్లాసులు మొదలైన కొద్ది వారాలకే జనవరి ఉద్యోగాల పోస్టింగులు వచ్చేస్తాయి. అక్టోబరులో ఒకవైపు మిడ్‌టర్మ్‌లు, ఇంకోవైపు ఇంటర్వ్యూలు. ఒకరోజు ఉదయం కాలిక్యులస్ పరీక్ష, మధ్యాహ్నం ఇంటర్వ్యూ, సాయంత్రం ల్యాబ్ రిపోర్టు. నా మొదటి టర్మ్‌లో పరీక్షకు చదివిన వారం అప్లికేషన్లు మానేశాను, అప్లికేషన్లు పంపిన వారం చదువు మానేశాను. రెండూ దెబ్బతిన్నాయి. తర్వాత అలవాటైన పద్ధతి ఇది: రోజూ రాత్రి గంటసేపు పోస్టింగులు, అంతే. శనివారం పొద్దున్నే కవర్ లెటర్లు. పరీక్ష ముందు రెండు రోజులు వెబ్‌సైటు ముట్టుకోను. టెన్షన్ తగ్గదు గానీ ఒక గట్టులోపల ఉంటుంది.

ఇంకో ఉపాయం. రెజ్యూమే పనిని టర్మ్ మొదలవకముందే, ఊళ్లో ఉన్న ఆగస్టులోనే ముగించండి.

రెజ్యూమే

ఒక్క పేజీ. ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, ఇవేవీ వద్దు. చివర్లో "పై వివరాలన్నీ సత్యమని ప్రమాణం చేస్తున్నాను" అనే పేరా, సంతకం వద్దు. ఎంసెట్ ర్యాంకు తీసేయండి. బాధగానే ఉంటుంది, నాకు తెలుసు. కానీ వాటర్లూ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో మెషిన్ షాపు నడిపే మనిషికి అది ఫోన్ నంబరులా కనిపిస్తుంది.

దాని బదులు మీరు చేసినవి రాయండి. మొదటి టర్మ్‌లో ఎవరికీ అనుభవం ఉండదని కంపెనీలకు తెలుసు. ఇంటర్‌లో చేసిన ప్రాజెక్టు, అన్నయ్య షాపుకు రాసిచ్చిన ఎక్సెల్ బిల్లు షీటు, కాలేజీ ఫెస్టులో సౌండ్ సిస్టమ్ చూసుకోవడం, అన్నీ పనికొస్తాయి. ఒక్కో వాక్యంలో ఏం చేశారు, దేనితో చేశారు, ఏమైంది అన్నవి ఉండాలి. "కష్టపడే స్వభావం" అని రాస్తే ఎవరూ నమ్మరు. "200 వస్తువుల స్టాకు లెక్క పుస్తకం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి, నెలాఖరు లెక్క రెండు రోజుల నుంచి రెండు గంటలకు తెచ్చాను" అంటే ఆగి చదువుతారు. అది నిజమైతేనే రాయండి. ఇంటర్వ్యూలో మొదట తవ్వేది ఆ వాక్యాన్నే.

వాటర్లూలో అప్లికేషన్లు వాటర్లూవర్క్స్ అనే సొంత పోర్టల్‌లో వెళ్తాయి. రెజ్యూమేతో పాటు మీ మార్కుల పట్టిక, పాత వర్క్ టర్మ్‌ల చరిత్ర కూడా కంపెనీకి చేరతాయి. కాబట్టి మొదటి టర్మ్‌లో మార్కులు, తర్వాతి టర్మ్‌లలో పాత మేనేజర్ ఇచ్చిన రేటింగు మీకంటే ముందే ఇంటర్వ్యూ గదిలో కూర్చుంటాయి.

ఎక్కడికి అప్లై చేయాలి

మొదటిసారి అందరూ పేరున్న టెక్ కంపెనీలకే పంపిస్తారు. నేనూ పంపాను, జవాబు రాలేదు. చిన్న తయారీ కంపెనీలు, మున్సిపాలిటీలు, ప్రభుత్వ శాఖలు, ఆస్పత్రుల ఐటీ విభాగాలు, యూనివర్సిటీలోని ల్యాబులు మొదటి టర్మ్ వాళ్లను తీసుకుంటాయి. నా మొదటి ఉద్యోగం ఒక చిన్న ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల లెక్కలు చూడటం. గ్లామర్ లేదు. కానీ రెండో టర్మ్ ఇంటర్వ్యూల్లో చెప్పుకోవడానికి ఒక కథ అక్కడే దొరికింది.

పోస్టింగు జాగ్రత్తగా చదవండి. కొన్ని ఉద్యోగాలు కెనడా పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకే. దీనికి ఒక కారణం వివక్ష కాదు, డబ్బు. విద్యార్థులను పెట్టుకున్న కంపెనీకి జీతంలో కొంత భాగం కేంద్ర ప్రభుత్వం తిరిగిచ్చే పథకం ఉంది, దానికి విదేశీ విద్యార్థులు అర్హులు కారు. ఒంటారియో రాష్ట్రం ఇచ్చే కో-ఆప్ పన్ను రాయితీ వేరు. అది కంపెనీకి ఒక్కో ప్లేస్‌మెంట్‌కు 3,000 డాలర్ల దాకా వస్తుంది. చిన్న కంపెనీ యజమాని ఖర్చు గురించి గొణిగితే ఈ మాట మర్యాదగా చెప్పండి. కొందరికి తెలియదు.

పోర్టల్‌లో లేని ఉద్యోగం మీరే బయట వెతుక్కున్నా చెల్లుతుంది. అయితే పని మీ చదువుకు సంబంధించినదేనని, గంటలు సరిపోతాయని యూనివర్సిటీ ముందే ఆమోదించాలి. పని మొదలుపెట్టాక అడిగితే చిక్కు.

ఇంటర్వ్యూ

ఎక్కువ భాగం వీడియోలోనే జరుగుతాయి, అరగంట. టెక్నికల్ ప్రశ్నల కంటే మనవాళ్లను పడగొట్టేది "టీమ్‌లో ఎవరితోనైనా విభేదించిన సందర్భం చెప్పండి" లాంటి ప్రశ్న. మనకు చిన్నప్పటి నుంచి విభేదించకపోవడమే మంచితనం. "అలాంటిదేం లేదండీ, అందరితో బాగుంటాను" అంటే సున్నా. నాలుగైదు నిజమైన సంఘటనలు ముందే రాసుకోండి: పరిస్థితి ఏమిటి, మీ వంతు పని ఏమిటి, ఏం చేశారు, చివరికి ఏమైంది. ఒక్కోటి రెండు నిమిషాల్లో బయటికి చెప్పి చూసుకోండి. మనసులో అనుకోవడం వేరు, నోటితో చెప్పడం వేరు.

మేనేజర్‌ను సార్, మేడమ్ అనకండి. పేరుతో పిలవండి. మొదటి వారం నాలుక తిరగదు, తర్వాత తిరుగుతుంది.

ర్యాంకింగు: ఇది అర్థం కాక మునిగినవాళ్లున్నారు

వాటర్లూ మెయిన్ రౌండ్‌లో, అంటే ఇంటర్వ్యూల మొదటి పెద్ద విడతలో, చాలాకాలంగా నడిచిన పద్ధతి చెబుతాను. ఇంటర్వ్యూలయ్యాక కంపెనీ తను చూసినవాళ్లకు అంకెలు వేస్తుంది. 1 అంటే ఆఫర్. 2 నుంచి వరుసగా "వీళ్లూ ఫర్వాలేదు". మీకు అంకె కనబడదు. ఆఫర్ వచ్చిందా, ర్యాంకు మాత్రమే వచ్చిందా, అసలు లేదా అన్నదే కనిపిస్తుంది. మీరు కూడా ఉద్యోగాలకు అంకెలు వేస్తారు. రెండు అంకెలూ కూడి, తక్కువ మొత్తం వచ్చిన జంటను ముందుగా కలుపుతారు.

మీకు వాటర్లూ పక్కనున్న కిచెనర్‌లో ఒక స్టార్టప్ ఆఫర్ ఇచ్చింది. టొరంటోలో ఒక బ్యాంకు ర్యాంకు మాత్రమే ఇచ్చింది, అది 2 అనుకుందాం. మీ మనసు బ్యాంకు మీద ఉంది. బ్యాంకుకు 1, స్టార్టప్‌కు 2 వేశారు. బ్యాంకు మొత్తం 3, స్టార్టప్ మొత్తమూ 3. బ్యాంకు ఆఫర్ ఇచ్చిన మనిషి బ్యాంకుకు 1 వేస్తే అక్కడ మొత్తం 2. ఆ ఉద్యోగం పోయింది. ఇటు స్టార్టప్ రెండో స్థానంలో పెట్టుకున్న ఇంకొకరు దానికి 1 వేస్తే వాళ్ల మొత్తమూ 3. అంటే మీ చేతిలో ఉన్న ఆఫర్ ఇప్పుడు పోటీలో పడింది. స్టార్టప్‌కు 1 వేసి ఉంటే మొత్తం 2, ఎవరూ కదపలేరు. రెంటికీ చెడ్డ రేవడి అనే మాట నాకు ఆ పోర్టల్ ముందు కూర్చున్నప్పుడే పూర్తిగా అర్థమైంది.

నా సలహా: మొదటి రెండు టర్మ్‌లలో ఆఫర్ చేతికొస్తే దానికే 1 వేయండి. జూదం మూడో టర్మ్ నుంచి ఆడొచ్చు.

అంకె వేశారంటే ఒప్పుకున్నట్టే. మ్యాచ్ అయ్యాక ఇంకా మంచిది వచ్చిందని వెనక్కి తగ్గితే ఆ వర్క్ టర్మ్ ఫెయిల్ వేస్తారు, కో-ఆప్ నుంచే తీసేసే ప్రమాదం కూడా ఉంది. చేయాలని లేని ఉద్యోగానికి అంకె వేయకండి.

మెయిన్ రౌండ్‌లో ఏదీ రాకపోతే అక్కడితో ఆట అయిపోదు. తర్వాత కూడా పోస్టింగులు వస్తూనే ఉంటాయి, టర్మ్ మొదలయ్యాక కూడా. వర్క్ టర్మ్‌కు కావాల్సినన్ని వారాలు మిగిలున్నంతవరకు చెల్లుతుంది. ఈ దశలో ఇంట్లో దాచిపెట్టి ఒంటరిగా కుమిలిపోయేవాళ్లను చూశాను. కో-ఆప్ అడ్వైజర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. రెజ్యూమే చూసి ఎక్కడ తేడా కొడుతోందో చెప్పడం వాళ్ల ఉద్యోగం.

ఇల్లు

నాలుగు నెలలకొకసారి ఊరు మారొచ్చు. వాటర్లూలో ఇళ్లు ఎక్కువగా ఏడాది లీజుకు ఇస్తారు. మీరు పనికి వెళ్లినప్పుడు మీ గదిని సబ్‌లెట్ ఇస్తారు (మీ అద్దె గదిని ఇంకొకరికి అద్దెకివ్వడం), పని ఊళ్లో ఇంకొకరి గదిని సబ్‌లెట్ తీసుకుంటారు. మే నుంచి ఆగస్టు వరకు వాటర్లూలో గదులు ఎక్కువ, అద్దెకు వచ్చేవాళ్లు తక్కువ. కొంత నష్టం ముందే లెక్కలో వేసుకోండి. చూడకుండా డబ్బు పంపకండి. స్నేహితుడెవరైనా వెళ్లి తలుపు తీసి చూసి వీడియో పంపాలి. ఒంటారియోలో ఇంటి ఓనరు అడ్వాన్సుగా చివరి నెల అద్దె మాత్రమే తీసుకోవచ్చు. డ్యామేజీ డిపాజిట్ అడగడం చట్టవిరుద్ధం.

పనిలో

నా మొదటి వర్క్ టర్మ్ జనవరిలో. రెండో వారం గడవకముందే ఇంట్లో భోగి మంటలు, ఇక్కడ మంచులో బస్సు కోసం నిలబడటం. మొదటి వారాల్లో పని రాకపోవడం తప్పు కాదు, అడక్కపోవడమే తప్పు. అరగంట తంటాలు పడండి, రాకపోతే ఏం ప్రయత్నించారో చెప్పి అడగండి. అర్థం కాకపోయినా తలూపే అలవాటు మనకుంది. మీటింగు అయ్యాక "నేను చేయాల్సింది ఇదీ, ఇదీ, సరేనా?" అని రెండు వాక్యాల మెయిల్ పెట్టండి.

ఫ్యాక్టరీ, ల్యాబ్, నిర్మాణ స్థలం అయితే భద్రతా శిక్షణ ఇవ్వకుండా మెషిన్ దగ్గరికి పంపకూడదు. ప్రమాదమనిపించిన పనిని కాదనే హక్కు ఒంటారియో చట్టంలో ఉంది, కో-ఆప్ విద్యార్థికి కూడా. రేటింగు పోతుందని భయపడి ఊరుకోకండి, వెంటనే అడ్వైజర్‌కు చెప్పండి.

ఆరు, ఏడు వారాల మధ్య మేనేజర్‌ను 20 నిమిషాలు అడిగి "ఇప్పుడు నాకు రేటింగు ఇస్తే ఏమిస్తారు, ఒక మెట్టు పైకి ఏం చేయాలి?" అని తెలుసుకోండి. చివరి వారంలో తెలిస్తే చేయగలిగింది ఉండదు. వాటర్లూలో చివరి మూల్యాంకనంలో ఏడు మెట్లుంటాయి, పైది అవుట్‌స్టాండింగ్, కిందిది అన్‌సాటిస్‌ఫాక్టరీ. వర్క్ టర్మ్ రిపోర్టు, ఆన్‌లైన్ ప్రొఫెషనల్ కోర్సు కూడా పనితో పాటే నడుస్తాయి. వీటిని మరిచిపోయి, పని బాగా చేసినా ఇబ్బందుల్లో పడినవాళ్లున్నారు.

జీతం, పన్ను, పీఆర్

చేరిన రోజు పన్ను ఎంత కోయాలో చెప్పే టీడీ1 ఫారాలు నింపుతారు. జీతంలో పన్ను, పెన్షన్, నిరుద్యోగ బీమా కోస్తారు. ఫిబ్రవరి చివరికి జీతం, కోతలు చూపే టీ4 అనే కాగితం వస్తుంది, ఏప్రిల్ 30లోపు రిటర్ను వేయాలి. ఏడాదిలో ఒకటే వర్క్ టర్మ్ చేసినవాళ్లకు కోసిన ఆదాయపన్నులో చాలావరకు తిరిగొస్తుంది. ట్యూషన్ కట్టినట్టు యూనివర్సిటీ ఇచ్చే టీ2202 కాగితం తప్పక జోడించండి.

పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) విషయంలో ఒక భ్రమ చాలామందికి ఉంది. ఫుల్ టైమ్ విద్యార్థిగా ఉండగా చేసిన పని, కో-ఆప్‌తో సహా, కెనడాలో పనిచేసిన అనుభవంతో పీఆర్ ఇచ్చే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాసులో అనుభవంగా లెక్కకు రాదు. రెండేళ్ల కో-ఆప్ అనుభవం ఉందని ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (పీఆర్‌కు పాయింట్లతో ఎంపిక చేసే పద్ధతి) పాయింట్లు వేసుకుంటే తప్పు లెక్క. చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్ మీద చేసిన పని లెక్కకు వస్తుంది. ఆ ఉద్యోగం దొరకడానికి కో-ఆప్ పనికొస్తుంది, చాలామందికి పాత కో-ఆప్ కంపెనీలోనే దొరుకుతుంది.

అందుకే చివరి రోజు కేకు కోసి వచ్చేయకండి. మేనేజర్‌ను రిఫరెన్సు ఇస్తారా అని అడగండి, వాళ్ల సొంత మెయిల్ తీసుకోండి, మీరు చేసిన పనిలో రహస్యం కాని భాగాన్ని నాలుగు వాక్యాల్లో ఆ రోజే రాసుకోండి. మూడు వారాల తర్వాత వివరాలు గుర్తుండవు. అప్పటికి మళ్లీ క్లాసులు మొదలై, పోర్టల్‌లో కొత్త పోస్టింగులు వచ్చేసి ఉంటాయి.